ఎడమ పక్క సీటు

చెన్నకేశవులు కారు ముందు గొంతుక్కూర్చుని నంబరు ప్లేటును గోటితో గీకుతున్నాడు. పక్కన గిన్నెలో కొబ్బరినూనె, ఒక పాత దువ్వెన ముక్క. వెనక ప్లేటు పని అయిపోయింది. ముందుది మాత్రం ఊడి రావడం లేదు. ఎర్ర రేడియం కాగితం పొలుసులు పొలుసులుగా చిట్లి ఆయన గోటి సందుల్లోకి పోతోంది.

"ఎవురో బాగా తీరిగ్గా అంటిచ్చినాడు" అన్నాడు తల ఎత్తకుండా. "యాడా గాలి బుడగ గూడా లేదు సూడు."

ఏపీ అన్న అక్షరాల మీద టీజీ అని అంటించి ఉంది. దాని పక్కన కడప నంబరు అలాగే ఉంది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడిలో ఊళ్ళో చాలా బళ్ళకు ఇప్పుడు ఇదే అలంకారం. కొందరు ఇష్టంగా అంటించుకున్నారు, కొందరికి కూడళ్ళలో ఆపి అంటించారు. కానీ ఈ బండి గోపన్‌పల్లిలో, ఈ అపార్టుమెంటు సెల్లారులో, గేటు లోపల ఉంది. నిన్న అందరూ చుట్టాల కారులో గృహప్రవేశానికి వెళ్ళి వచ్చేసరికి జరిగిపోయింది.

"వదిలెయ్ నాన్నా" అన్నాడు హేమంత్. "రేపు మధ్యాహ్నానికి ఇది మనది కాదు. ఎల్లేశం వచ్చి తీసుకుపోతాడు. పాత బళ్ళు కొనేవాడికి ఏ అక్షరాలుంటే ఏమి?"

"వానికి ఏమీ లేదురా. నాకుండాది. నేను కడపలో కొని, నడుపుకుంటా తెచ్చి నీకిచ్చిన బండి. పోయేటప్పుడైనా దాని పేరుతో అది పోవల్ల."

తేజస్విని స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. మామగారి కోపం కంటే, ఆయన మోకాళ్ళు మడిచి కూర్చోవడానికి పడుతున్న అవస్థ ఆమెకు ఎక్కువగా కనిపిస్తోంది. చెప్పవలసిన మాటలు ఆమె దగ్గర ఉన్నట్టే ఉన్నాయి. వాటిని ఎవరితో చెప్పాలో తెలియక చాలా రోజులుగా లోపలే తిప్పుకుంటోంది.

వాచ్‌మన్ మొగిలిని పిలిపించారు.

"గేటు నీ చేతిలోనే ఉండాది కదా. ఎవురొచ్చినారు?"

"నాకు తెల్వది సారు."

"తెలవదంటే? గాలికొచ్చి అంటుకున్యాయా?"

"జర మోటరు ఏసెతందుకు పోయిన సారు. గప్పుడెవలన్న వచ్చిండ్రేమో."

"వస్తే మీవాళ్ళే వచ్చింటారు."

"మావోళ్ళంటే జనగామ కాడ ఉంటరు సారు. గాడికెల్లి మీ బండికి అంటిచ్చెతందుకు వస్తరా?"

హేమంత్‌కు నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాడు. చెన్నకేశవులు నవ్వలేదు. సాయంత్రం అసోసియేషన్ వాళ్ళతో మాట్లాడతానన్నాడు. మొగిలి తలూపి వెళ్ళిపోతూ తేజస్విని వైపు ఒక్కసారి చూశాడు. ఏదో అడుగుతున్నట్టున్న చూపు.

ఆ చూపును ఆమె అందుకోలేదు. ఈ మధ్య ఎవరి చూపునూ అందుకోకుండా ఉండటం ఆమెకు బాగా అలవాటైంది.

నిజాంపేటలో ఒక కారు చూడటానికి వస్తామని మాట ఇచ్చారు. పాత బండి చాలాసేపు మొరాయించి, చివరికి దగ్గుతూ కదిలింది. తేజస్విని నడుపుతోంది. హేమంత్ పక్క సీటులో కూర్చోబోయి మోకాళ్ళు ముందు తగిలి ఆగిపోయాడు.

"దీన్ని ఇంత ముందుకు ఎవరు లాగారు?"

అతను సీటు కింద మీట పట్టుకుని వెనక్కి తోశాడు. కటక్కుమని చప్పుడైంది. ఆ సీటులో ఇంతవరకూ కూర్చుని ఉన్న మనిషిని ఎవరో భుజం పట్టి దింపేసినట్టు ఆమెకు అనిపించింది.

అది అనూష సీటు. అనూష పొట్టి మనిషి, సీటు ముందుకు ఉంటేగాని కాళ్ళు ఆనవు. కరీంనగర్ పిల్ల. ఆఫీసులో ఒకే టీము. లింగంపల్లి స్టేషన్ వెనక వీధిలో కిరాయికి ఉంటుంది. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున స్టేషన్ మలుపులో కారెక్కేది. ఏసీ పడదు, తల తిరుగుతుంది. అందుకని ఎక్కగానే ఎడమ పక్క అద్దాన్ని చేత్తో తిప్పి సరిగ్గా సగానికి దించేది. తర్వాత హైటెక్ సిటీ దాకా ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కారు. మాట్లాడటానికి మనుషులు ఎక్కడైనా దొరుకుతారు. మాట్లాడకుండా కూర్చోగలిగిన మనిషి తేజస్వినికి ఈ ఊళ్ళో ఒక్కతే దొరికింది.

సకల జనుల సమ్మె మొదలైన కొత్తలో, ఒక పొద్దున కూడలి దగ్గర కుర్రాళ్ళు బళ్ళను ఆపుతూ నంబర్లు చూస్తున్నారు. ఒకడు బానెట్ మీద చెయ్యి పెట్టి "కడప బండి" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అనూష ఆ సగం అద్దంలోంచి తల బయటికి పెట్టి, "నాది కరీంనగర్ అన్నా. లేటయితుంది, జర ఇడువుండ్రి" అంది. చెయ్యి లేచింది. "పో అక్కా" అన్నాడు ఆ కుర్రాడే నవ్వుతూ. అనూష వెనక్కి వాలి, చేతిలోని జామకాయ తినడం కొనసాగించింది.

అంతే జరిగింది. ఒక్క మాట చాలు, "థాంక్స్ అనూ" అనడానికి. ఆ మాట నోటిదాకా వచ్చి, నోట్లోనే గట్టిపడింది. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఉంటున్న ఊళ్ళో తన తరఫున ఇంకొకరు జవాబు చెప్పవలసి రావడం ఆమెకు భయం కంటే పెద్దదిగా తగిలింది. భయపెట్టిన కుర్రాడి మీద రాని కోపం, కాపాడిన మనిషి మీద వచ్చింది. ఇదెక్కడి న్యాయమని ఆమె తనను తాను అడుగుతూనే ఉంది. ఆ కోపానికి న్యాయం అక్కర్లేదు.

ఆ రాత్రే మెసేజ్ పెట్టింది. 'రేపట్నుంచి గౌలిదొడ్డి మీదుగా పోతాను, అటు ఖాళీగా ఉంటుంది.' ఆ దారిలో స్టేషన్ మలుపు తగలదు.

అనూష 'సరే' అని జవాబిచ్చింది. ఎందుకని అడగలేదు. సమ్మెతో బస్సులు కూడా లేవు. అనూష ఆఫీసుకు ఎట్లా వస్తోందో తేజస్విని అడగలేదు. చెప్పులు దుమ్ము కొట్టుకుని ఉండటం మాత్రం చూసింది.

నిజాంపేటలో కారు యజమాని సీతారామయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. భీమవరం మనిషి, రిటైరయ్యాడు. చిన్న పెట్రోలు కారు, లేత నీలం రంగు, సీట్లకు ఉతికిన తువ్వాళ్ళు కప్పి ఉన్నాయి.

"ఒక్కసారంటే ఒక్కసారి దారిలో ఆగలేదండి" అన్నాడు. "సర్వీసు తప్పించింది లేదు. మా అబ్బాయి పెళ్ళప్పుడు పూలు కడతానంటే కూడా రంగు పోద్దని వద్దన్నానండి."

"డీజిలైతే బావుండేది సర్" అన్నాడు హేమంత్. "మొన్న మళ్ళీ పెట్రోలు పెంచినారు. మా నాన్నైతే కొత్తది, పెద్ద డీజిల్ బండి తీసుకుని కడపలోనే రిజిస్ట్రేషన్ చేయించమంటాడు."

"మీరు తిరిగేదెంతండి?"

"ఇంటికీ ఆఫీసుకీ. ఎప్పుడన్నా ఊరికి."

"మరైతే డీజిల్ దండగండి. కొనేటప్పుడు ఎక్కువ, బాగుచేయించేటప్పుడు ఎక్కువ. ఆ మిగిలేదేదో రోజూ దూరాలు తిరిగేవోళ్ళకి మిగులుద్దండి."

"నేనూ అదే చెప్పాను" అంది తేజస్విని. ఇంట్లో వారం రోజులుగా ఆమె చెబుతున్న మాటలే. ఏ పూటా ఇబ్బంది పెట్టని బండి కావాలి, విడిభాగాలు ప్రతి వీధిలోనూ దొరకాలి, కూర్చుంటే కొంచెం సుఖంగా ఉండాలి. ఇంట్లో ఎవరికీ ఎక్కని మాటలు ఈయన నోట రాగానే హేమంత్ తలూపుతున్నాడు.

సీతారామయ్య డ్రైవరు వైపు తలుపు తీసి పట్టుకున్నాడు. తేజస్విని కారు చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడమ పక్క తలుపు తీసుకుని అక్కడ కూర్చుంది.

"అమ్మాయిగారండీ, నడిపేవోళ్ళు ఇటండి."

"ముందు ఇక్కణ్ణుంచి చూస్తానండి."

సీటు ముందుకు జరిపింది. కాళ్ళు మడిచి, అంత పొట్టి మనిషికి ముందు ఎంత చోటుంటుందో చూసింది. అద్దం మీట నొక్కింది. అద్దం చప్పుడు లేకుండా కిందికి జారి, సగం దాటి వెళ్ళిపోయింది. పైకి ఎత్తి మళ్ళీ నొక్కింది. మళ్ళీ సగం దగ్గర ఆగలేదు.

"అద్దాలకేం భయం లేదండి, ఇంజను చూసుకోండి" అన్నాడు సీతారామయ్య. "పైగా ఇటు ఇంకో మీటుంది చూడండి. ఇది నొక్కితే అటువైపు కూర్చున్నోళ్ళు అద్దం దించలేరండి. అంతా నడిపేవోళ్ళ చేతిలోనే. పిల్లలున్నోళ్ళకి బాగుంటది."

"మాకు పిల్లల్లేరండి" అంది తేజస్విని.

ఆయన నొచ్చుకుని దగ్గాడు.

హేమంత్ వెనక్కి వెళ్ళి నంబరు చూసి వచ్చాడు. ముఖం విప్పారింది. "రంగారెడ్డి బండి తేజా. ఇంక ఎవరూ ఆపరు. పక్కన కూర్చుని ఎవరూ మన కోసం మాట్లాడే పని కూడా లేదు."

ఆమె అద్దం మీట మీద నుంచి వేలు తీసేసింది.

బేరం తేలిగ్గానే కుదిరింది. బయానా ఇస్తున్నప్పుడు ఎందుకు అమ్ముతున్నారని హేమంత్ అడిగాడు.

"చూపు ఆనట్లేదండి. ఇన్నాళ్ళూ మా ఆవిడ పక్కన కూర్చుని, ఎడమకి పోనీయండి, ఆపండి, గేదొస్తంది అని చెప్తా ఉండేది. నేను స్టీరింగు పట్టుకునేవోణ్ణి అంతే. ఇప్పుడు ఆవిడకీ చూపు మసకేసిందండి. ఇంక బండెవరు నడపాల?"

హేమంత్ నవ్వాడు. ఆయన కూడా నవ్వాడు. తేజస్విని మాత్రం ఆ తువ్వాలు కప్పిన ఎడమ సీటును చూస్తూ ఉండిపోయింది.

తిరిగి వస్తుంటే పాత బండి ప్రతి గుంటకూ ఏదో ఒకచోట గలగలమంటోంది.

"నీకు నచ్చిందే తీసుకుంటున్నాం కదా. మళ్ళీ ఆ ముఖమేంది?" అన్నాడు హేమంత్.

"బాగానే ఉన్నాను."

"ఆ సీటులో కూర్చుని అంతసేపు ఏం చూసినావు?"

"ఏం లేదు."

"అనూషకు సరిపోతుందా లేదా అని చూసినావు."

అతను ఎత్తిపొడిచి ఉంటే తేలిగ్గా ఉండేది. మామూలుగా అన్నాడు.

"వస్తానన్నదా ఆమె?"

"లేదు."

"నువ్వు అడిగినావా?"

ముందు లారీ ఆగింది. తేజస్విని బ్రేకు వేసి, అవసరం లేకపోయినా గేరు మార్చింది.

"అడగని మనిషి కోసం కారు కొలతలు తీసుకునేది నువ్వొక్కదానివే" అన్నాడు హేమంత్, కిటికీలోంచి బయటికి చూస్తూ. కాసేపటికి చెయ్యి చాచి గేరు మీద ఉన్న ఆమె చేతిని తాకబోయాడు. అదే క్షణంలో లారీ కదిలింది. ఆమె గేరు మార్చవలసి వచ్చింది. అతను చెయ్యి తీసుకున్నాడు.

సెల్లారులో హేమంత్ లిఫ్టు ఎక్కేదాకా మొగిలి మెట్ల పక్కన ఆగాడు.

"మేడమ్, ఒక్క మాట. సారు నన్ను పనిలకెల్లి తీపిచ్చేటట్టున్నడు."

"నువ్వు కాదని నాకు తెలుసు మొగిలీ."

"ఎవలో గూడ తెలుసా?"

ఆమె అతని వైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"మీ కార్ల వచ్చేటి అక్క" అన్నాడు మొగిలి. "నిన్న మీరు పోయినంక వచ్చింది. లింగంపల్లికెల్లి నడుసుకుంట వచ్చినట్టుంది, చెమటలు కారుతున్నయి. నీళ్ళిచ్చిన. చెప్పద్దన్నది, గందుకే చెప్పలే."

"ఏమంది?"

"ఎక్కువేమన్లే. నా తాన గుడ్డ అడుక్కొని ప్లేటు మంచిగ తుడిసింది. ముందట ఒకటి, ఎనక ఒకటి అంటిచ్చింది. ఇగ ఎవ్వలాపరు అన్నది. పోయింది."

ఇగ ఎవ్వలాపరు. మొగిలి గొంతులోంచి వచ్చినా ఆ మాట సగం దించిన అద్దంలోంచి వినిపించినట్టే ఉంది. అనూష ఆ సీటులో లేదు కాబట్టి, తను చెప్పవలసిన జవాబును తెచ్చి ప్లేటు మీద అంటించి పోయింది. గాలి బుడగ కూడా లేకుండా. తేజస్విని కారు ముందుకు వెళ్ళి చూసింది. టీ పూర్తిగా పోయింది. జీ సగం మిగిలి, నూనెతో నిగనిగలాడుతోంది.

భోజనాల దగ్గర చెన్నకేశవులు అసోసియేషన్ మాట ఎత్తాడు.

"మొగిలి కాదు మామా" అంది తేజస్విని. "అనూష."

అత్త అనసూయమ్మ చేతిలో పప్పు గరిటె గిన్నె మీదే ఆగింది.

"మన అనూషేనా? మనింట్లో ఓలిగలు తిని, ఇంకొకటి పెట్టు పెద్దమ్మా అని అడిగిన పిల్ల?"

"ఆ పిల్లకేం పని ఇది?" అన్నాడు చెన్నకేశవులు. "మన బండి మీదా దాని రాజకీయం?"

"దారిలో మన బండిని ఎవరూ ఆపకూడదని అంటించింది మామా."

"నేనడిగినానా?"

"నేనూ అడగలేదు."

అనసూయమ్మ పప్పు వడ్డించింది. "ఆ పిల్ల అంత దూరం నడిచొచ్చి అంటిచ్చి పోయింటే, నువ్వు కూర్చోని నూనె పోసి గీకినావు" అంది మొగుడితో, చాలా మామూలుగా. "బంగారు కొబ్బరినూనె."

చెన్నకేశవులు తన కుడిచేతి కేసి చూసుకున్నాడు. అన్నం కలుపుతున్న వేళ్ళ గోటి సందుల్లో ఎర్ర పొలుసులు ఇంకా ఉన్నాయి. "అడగాల్సింది కదమ్మా నన్నొక మాట" అన్నాడు చివరికి. ఎవరు ఎవరిని అడగాల్సిందో ఆయన చెప్పలేదు. కంచంలో సగం ఉండగానే చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి వెళ్ళాడు.

తేజస్విని ఫోను తీసి అనూష పేరు దాకా వెళ్ళింది. ఏం రాయాలి? చూశాను అని రాస్తే, గీకేసిన సంగతి కూడా రాయాలి. గీకింది మామ అని రాస్తే అది నిజమే. కానీ ఆయన గీకుతున్నంతసేపు స్తంభానికి ఆనుకుని నిలబడింది ఎవరు? ఫోను బోర్లా పెట్టేసింది.

సోమవారం పొద్దున పాత బండికి అదే ఆఖరి ప్రయాణం. మధ్యాహ్నం ఎల్లేశం ఆఫీసు దగ్గరికే వచ్చి తాళాలు తీసుకుంటాడు. సాయంత్రం నీలం కారు వస్తుంది. దాని నంబరు చూసి ఎవరూ ఆపరు. దాని ఎడమ సీటు ఖాళీగా ఉన్నా బండి నడవడానికి ఏ లోటూ ఉండదు. అన్ని విధాలా మంచి బండి. ఎవరి అవసరమూ లేని బండి. అదే తను కోరుకున్నదా అని ఆమె అద్దంలో తన కళ్ళను అడిగింది.

గౌలిదొడ్డి వైపు తిరగవలసిన చోట ఆమె తిరగలేదు.

ఇంటి దగ్గర కారెక్కేముందే ఎడమ సీటును మళ్ళీ ముందుకు లాగి పెట్టింది. లింగంపల్లిలో రోడ్డు వెలవెలబోతోంది. బస్సుల్లేని స్టేషన్ మలుపు దగ్గర జనం షేర్ ఆటోల కోసం గుంపుగా నిలబడ్డారు. వాళ్ళ చివర, అందరి భుజాల కంటే కిందుగా, అనూష. భుజాన ఆఫీసు బ్యాగు, చేతిలో చున్నీ ముడి.

తేజస్విని కారు పక్కకు తీసి ఆపింది. ఇంజను తనంతట తనే ఆగిపోయింది. హారన్ కొట్టబుద్ధి కాలేదు.

అనూష బండిని గుర్తుపట్టింది. ఒక అడుగు వేసింది కూడా. అప్పుడు ఆమె చూపు కిందికి, ప్లేటు మీదికి దిగింది. టీ లేని చోట, సగం మిగిలిన జీ దగ్గర నిలిచిపోయింది. ముఖంలో ఏమీ మారలేదు. తల కొంచెం పక్కకు వంచి చూసింది, ఎక్కడ సరిగా అంటించలేదో వెతుకుతున్నట్టు.

ఇద్దరి మధ్యా కారు ముందద్దం ఉంది. తేజస్విని పెదవులు కదిలాయి. అవతలికి ఏమీ వినిపించి ఉండదు.

ఎడమ అద్దం పూర్తిగా మూసి ఉంది. ఇన్నాళ్ళుగా మూసే ఉంది. దించాలంటే అక్కడ కూర్చున్నవాళ్ళే దించాలి. ఆమె బెల్టు విప్పి, సీటు మీదికి పక్కకు వాలి, ఆ చివరనున్న పిడిని అందుకుంది. అది బిగుసుకుపోయింది. రెండు చేతులతో పట్టి తిప్పింది. కిర్రుమంటూ అద్దం కొంచెం కొంచెంగా దిగసాగింది. ఆమె చెంప సీటు గుడ్డకు ఆనుకుని ఉంది. అక్కణ్ణుంచి రోడ్డు కనిపించదు, మనుషులు కనిపించరు, తలుపు లోపలి వైపు మాత్రమే కనిపిస్తుంది.

వెనక ఏదో షేర్ ఆటో వచ్చి ఆగిన చప్పుడైంది. "గచ్చిబౌలి, హైటెక్ సిటీ" అని అరుస్తున్నాడు ఆటోవాడు. జనం ఒక్కసారిగా కదిలిన అడుగుల చప్పుడు కారును ఒరుసుకుంటూ వెనక్కి పోయింది.

అద్దం సగానికి వచ్చింది. ఆమె పిడి వదిలేసింది. వంగిన నడుము ఎత్తలేదు.

ఆ అడుగులన్నిటిలో ఒక జత మాత్రం తలుపు దగ్గర ఆగింది.

"సీటెవలు జరిపిండ్రు?" అన్నది అనూష గొంతు. "నాకోసమా, ఇంకెవలకన్ననా?"